మిల్లీవోల్టు సాక్ష్యం చెల్లుతుందా?

తీగ పక్షం: నేల కింద నీళ్లున్నాయా లేదా చెప్పే పద్ధతులు చాలా ఉన్నాయి. ఉన్న నీళ్లు కదులుతున్నాయా, కదిలితే ఎటు పోతున్నాయి అన్నది పైనుంచే చెప్పగలిగేవి చాలా తక్కువ. వాటిలో చవకైనది, నేల తనంతట తాను పుట్టించే వోల్టేజీని కొలవడం. భూమిలోకి కరెంటు పంపక్కర్లేదు, మందుగుండు పేల్చక్కర్లేదు. రెండు ఎలక్ట్రోడు కుండలు, ఒక తీగచుట్ట, ఒక మంచి వోల్టుమీటరు, ఇద్దరు మనుషులు ఉంటే చాలు. జియోఫిజిక్సు వాళ్లు దీన్ని సెల్ఫ్ పొటెన్షియల్ అంటారు, వాడుకలో ఎస్పీ. అగ్నిపర్వత శిలల్లో నీటి జాడ వెతకాలంటే ముందు నడవాల్సింది తీగ. రిగ్గు ఆ తర్వాత రావాలి.

బోరు పక్షం: చవకన్న మాట ఒప్పుకుంటాను. చవకైన కొలతకు ఖరీదైన అర్థం చెప్పుకోవడంతోనే నా పేచీ. భూమిలో వోల్టేజీ పుట్టించేవి నీళ్లొక్కటే అయితే మీతో వాదనే లేదు. 1830లో రాబర్ట్ వేర్ ఫాక్స్ ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో ఈ వోల్టేజీని మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆయనకు దొరికింది ఖనిజం తాలూకు గుర్తు. నీటిలో ఉప్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే వోల్టేజీ వస్తుంది. రాయి ఒకవైపు వేడెక్కితే వస్తుంది. చెట్టు వేళ్లు నీళ్లు లాగితే వస్తుంది. పాతిపెట్టిన ఇనప గొట్టం తుప్పు పడుతుంటే వస్తుంది. సూర్యుడి మీద అలజడి రేగిన రోజున భూమి అంతటా తిరిగే కరెంట్లు మీ తీగలోకీ చొరబడతాయి. ఇవన్నీ కలిసి మీ మీటరు మీద ఒకే అంకెగా కనిపిస్తాయి. జమాఖర్చుల పుస్తకంలో చివరి మొత్తం ఒక్కటే చూపించి, బియ్యానికి ఎంత పెట్టారో చెప్పమన్నట్టుంది వ్యవహారం.

తీగ పక్షం: మొత్తంలో పెద్ద పద్దు ఏదో తెలిస్తే సగం పని అయినట్టే. అగ్నిపర్వతాల మీద ఆ పెద్ద పద్దు చాలాసార్లు నీళ్లదే. ఎందుకో చెప్తాను. రాతిని నీరు తాకినచోట, మామూలు పరిస్థితుల్లో, రాతి ముఖానికి నెగటివ్ ఆవేశం వస్తుంది. దానికి సరితూగే పాజిటివ్ అయాన్లు నీటిలో ఆ ముఖాన్ని ఆనుకుని గుమిగూడతాయి. నీరు కదిలితే వాటిలో కొన్నిటిని తనతో ఈడ్చుకుపోతుంది. అంటే నీరు వెళ్లేవైపు పాజిటివ్ పోగవుతుంది, వచ్చినవైపు నెగటివ్ మిగులుతుంది. 1859లో జర్మనీలో క్వింకే సచ్ఛిద్రమైన మట్టి పలకలోంచి నీటిని నెట్టి ఇదే చూశాడు. తర్వాత హెల్మ్‌హోల్ట్జ్, స్మొలుకోవ్‌స్కీ దానికి లెక్క కట్టారు. కొండ మీద వాన ఇంకేచోట నెగటివ్, కింద ఊట పైకి వచ్చేచోట పాజిటివ్. ఇంత సూటిగా నీటి దిక్కు చెప్పే కొలత మరొకటి చూపించండి.

బోరు పక్షం: సూటిగా ఉన్నది మీరు చెప్పిన కథ. రాయి అలా ఉండాలని లేదు. నెగటివ్ ఆవేశం వస్తుందన్నది నీటి ఆమ్లత్వం మీద, అందులో కరిగిన లోహాల మీద, రాతిలోని ఖనిజాల మీద ఆధారపడుతుంది. జపాన్‌లో అసో అగ్నిపర్వతం రాళ్లను ప్రయోగశాలలో పరీక్షిస్తే కొన్ని నమూనాల్లో ఆవేశం పాజిటివ్‌గా తేలింది. అలాంటి రాతిలో మీ పటం తలకిందులవుతుంది: ఇంకేచోట పాజిటివ్, ఊట దగ్గర నెగటివ్. రాతిని కోసి ప్రయోగశాలకు పంపకుండా కొండ ఎక్కినవాడికి తాను ఏ రకం రాతి మీద నిలబడ్డాడో ఎలా తెలుస్తుంది?

తీగ పక్షం: తెలియదు. అందుకే రాతి ముక్క తెచ్చి పరీక్షించమంటాను. అది పెద్ద ఖర్చేం కాదు. ఇంకో మాట కూడా మీకు అనుకూలంగానే చెప్తాను. నీటిలో ఉప్పు ఎక్కువైతే ఈ సిగ్నలు చచ్చుబడిపోతుంది. ఈడ్చుకుపోయిన ఆవేశం ఆ ఉప్పునీటి గుండానే సులువుగా వెనక్కి పారిపోతుంది, వోల్టేజీ నిలవదు. సముద్రపు నీటిలో దాదాపు ఏమీ మిగలదు. కానీ అగ్నిపర్వతం పై భాగాల్లో ఉండేది అప్పుడే కురిసిన వాన నీరు, ఉప్పు లేని నీరు. పైగా రాయి నిండా పగుళ్లు, బుడగల గుల్లలు, వందల మీటర్ల మందం. మైదానంలో పదుల మిల్లీవోల్టులు దొరికితే గొప్ప. హవాయిలో కిలవేయా మీద 1970లలో అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన చార్లెస్ జబ్లొకి తీగ లాగి నడిచినప్పుడు వెయ్యి మిల్లీవోల్టులు దాటిన తేడాలు కనబడ్డాయి. ఒక టార్చి సెల్లులో ఉండే వోల్టేజీకి కాస్త తక్కువ. దాన్ని పొరపాటు కొలత అని కొట్టిపారేయలేరు.

బోరు పక్షం: కిలవేయా మీరే ఎత్తారు కాబట్టి అక్కడే కూర్చుని మాట్లాడుకుందాం. నా అనుమానమంతా అక్కడే పుట్టింది. జబ్లొకి కొలతలో తప్పు పట్టడం లేదు. ఆయన 1976లో అచ్చువేసిన పత్రం పేరులోనే ఉంది, అగ్నిపర్వతం మీద వేడి ప్రాంతాల్ని గుర్తించడం అని. శిఖరం మీద, చీలిక ప్రాంతాల వెంబడి ఉన్న పెద్ద పాజిటివ్‌లకు ఆయన చెప్పిన కారణం కింద ఉన్న వేడి. శిలాద్రవం వల్ల కాగిన నీరు పైకి లేస్తోంది, దానితోపాటే ఆవేశం లేస్తోంది అన్నమాట. బాగానే ఉంది. తర్వాత 1987లో అదే సంస్థకు చెందిన డల్లాస్ జాక్సన్, జిమ్ కవాహికావువా ఇంచుమించు అదే పటాన్ని వేరేగా చదివారు. పైకి లేచే వేడి నీటి కన్నా కిందికి దిగే వాన నీరే ఆ పటంలో ఎక్కువ భాగాన్ని వివరిస్తుందన్నారు. ఒకే పటం. ఒకరికి నీరు పైకి పోతోంది, ఇంకొకరికి కిందికి పోతోంది. దిక్కు చెప్పడమే తన గొప్ప అన్న పద్ధతికి ఇంతకన్నా ఇబ్బంది ఏముంటుంది?

తీగ పక్షం: ఇబ్బందే, దాచను. కానీ రెండో చదువు ఎందుకు గట్టిదో కూడా చూడాలి కదా. వాన నీరు నీటిమట్టం చేరేదాకా పొడి రాతి గుండా నిలువునా దిగుతుంది. దిగే ప్రతి మీటరుకూ కొన్ని మిల్లీవోల్టుల తేడా కూడుతుంది. అంటే పైన మీరు కొలిచే వోల్టేజీ, కాళ్ల కింద పొడి రాయి ఎంత మందం ఉందో దానికి అనుపాతంలో ఉంటుంది. పొడి మందం ఎక్కువైతే మరింత నెగటివ్, తక్కువైతే పాజిటివ్ వైపు. ఇప్పుడు కిలవేయా చూడండి. పక్క వాలుల మీద, సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున నిలబడితే, చాలాచోట్ల మంచినీటి పొర సముద్రమట్టానికి కొద్ది మీటర్ల పైనే, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. అంటే కాళ్ల కింద దాదాపు 600 మీటర్ల పొడి రాయి. శిఖర ప్రాంతం సుమారు 1,100 మీటర్ల ఎత్తు. అక్కడ పొడి రాయి ఇంకా మందంగా, వోల్టేజీ ఇంకా నెగటివ్‌గా ఉండాలి. ఉండలేదు. శిఖరం పాజిటివ్‌గా ఉంది. ఎత్తు పెరిగినా పొడి మందం తగ్గిందనే దాని అర్థం. పాత లావా నిలువు గోడల్లా గడ్డకట్టి నీటిని ఎత్తులోనే ఆపి పెట్టింది. ఇది తీగ చెప్పిన మాట.

బోరు పక్షం: ఆ మాట చెప్పింది బోరు. 1973లో జార్జి కెల్లర్ అనే ఆయన శిఖరం మీద, హలెమావుమావు బిలానికి దక్షిణాన, 1,262 మీటర్ల లోతుకు తవ్వించాడు. సుమారు 490 మీటర్ల దగ్గర నీరు తగిలింది. అంటే సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన. ఈ అంకె చేతిలో ఉన్నాకే 1987 వాళ్లకు తమ లెక్క కుదిరిందని చెప్పుకునే వీలు కలిగింది. మీటరుకు ఎన్ని మిల్లీవోల్టులన్న నిష్పత్తి ఎక్కడి నుంచి వస్తుంది? బోరులో కొలిచిన మట్టం నుంచి. నిష్పత్తి లేకపోతే మీ పటం ఎక్కువ తక్కువలు చూపిస్తుందే గాని మీటర్లు చెప్పదు. పరీక్షలో జవాబు ముందే చూసి, తర్వాత లెక్క చేసినట్టు కాదూ?

తీగ పక్షం: ఒక జవాబు చూసి, మిగతా ముప్పై లెక్కలు చేసినట్టు. కిలవేయా శిఖరం మీద అంత లోతు బోరు ఒక్కటే ఉంది. ఎన్ని వేయగలరు? కిలోమీటరు పైచిలుకు లోతు, అగ్నిపర్వతం మీద, నేషనల్ పార్కు మధ్యలో. ఆ ఒక్క బోరు ఒక్క చుక్క దగ్గర నిజం చెప్తుంది. అక్కడి నుంచి రెండు కిలోమీటర్ల అవతల లావా గోడ దాటితే మట్టం వందల మీటర్లు పడిపోవచ్చు, బోరుకు ఆ సంగతి తెలియదు. ఆ గోడ ఎక్కడుందో, ఏవైపు నీరు ఆగిందో, ఏవైపు జారిపోయిందో చూపించింది తీగే. బోరు లేకుండా తీగకు కొలబద్ద లేదు, ఒప్పుకున్నాను. మరి తీగ లేకుండా బోరుకు చుట్టుపక్కల ఊరే లేదు, అది మీరు ఒప్పుకోవాలి.

(మధ్యలో రాస్తున్నవాడి మాట ఒకటి. నీటి వేటలో కుదిరిన సర్వేలే అచ్చుకెక్కుతాయి, కుదరనివి తీగచుట్టతో పాటే గదిలో పడి ఉంటాయి. నీళ్లు పడిన బోర్ల సంగతీ అంతే. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి బోరుకు పాయింట్ పెట్టేవారి విషయంలోనైతే చెప్పనే అక్కర్లేదు. ఈ ఇద్దరూ చెప్పే ఉదాహరణల్ని ఆ మినహాయింపుతోనే చదువుకోవాలి.)

బోరు పక్షం: సరే, పటం విస్తృతి మీది. దాంట్లోనూ ఒక చిక్కుంది. అగ్నిపర్వతాల మీద ఎస్పీ కొలిచినవాళ్లందరికీ తెలిసిన విషయమే: ఎత్తు ఎక్కేకొద్దీ వోల్టేజీ తగ్గుతూ పోతుంది. చాలా కొండల మీద ఈ తగ్గుదల ఎంత క్రమంగా ఉంటుందంటే, వోల్టేజీ పటాన్ని తలకిందులు చేస్తే ఎత్తుల పటం వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు కొనుక్కుంటే దొరికేదానికి ఎండలో తీగ మోయడమెందుకు?

తీగ పక్షం: క్రమం తప్పినచోటు కోసం. ఎత్తుతో పాటు ఎంత తగ్గాలో ఒక గీత గీస్తాం. ఎక్కడ అంకె ఆ గీతను వదిలి పైకి పోయిందో, ఎక్కడ వాలు ఒక్కసారిగా మారిందో అక్కడ ఆగుతాం. శిఖరానికి చేరుతుండగా తగ్గుదల ఆగి పెరగడం మొదలైతే, కింద వేడి నీటి వ్యవస్థ అంచు తగిలిందని ఎన్నో అగ్నిపర్వతాల మీద అనుకున్నారు.

బోరు పక్షం: అనుకున్నారు. అక్కడే ఆగండి. వేడి వ్యవస్థ అంచా, నీటిమట్టం పైకి రావడమా? మళ్లీ మనం జబ్లొకి, జాక్సన్‌ల మధ్యకే వచ్చాం.

తీగ పక్షం: వచ్చాం. రెండూ కలిసి ఉండే అవకాశం కూడా ఉందని చెప్పి ముందుకు పోదాం. వేడి ఉన్నచోట లావా గోడలూ ఉంటాయి, గోడలున్నచోట నీరు ఎత్తున ఆగుతుంది. ప్రకృతి మన వాదన కోసం వాటిని విడదీసి పెట్టదు.

బోరు పక్షం: ప్రకృతి 2018లో విడదీసి చూపించింది. చూపించినప్పుడు పనికొచ్చింది ఏదో చూద్దాం. ఆ ఏడాది మే నెలలో హలెమావుమావులోని లావా సరస్సు దిగిపోవడం మొదలైంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెంటనే హెచ్చరించింది: లావా నీటిమట్టం కన్నా కిందికి దిగితే, చుట్టూ ఉన్న భూగర్భజలం లావా పైకొచ్చే వేడి గొట్టంలోకి చొరబడి ఆవిరి పేలుళ్లు జరగొచ్చని. 1924లో అలాగే జరిగిందని నమ్మకం. అప్పుడు టన్నుల బరువున్న బండలు ఎగిరిపడ్డాయి, ఒక మనిషి చనిపోయాడు. ఈ హెచ్చరికకు ఆధారం ఏమిటి? 1973 నాటి బోరులో కొలిచిన మట్టం. మనుషుల ప్రాణాల మీదికి వచ్చిన రోజున అధికారులు పట్టుకున్నది బోరు అంకెనే.

తీగ పక్షం: ఆ తర్వాత ఏమైంది? అదీ చెప్పండి.

బోరు పక్షం: చెప్తాను. భయపడినంత ఆవిరి పేలుళ్లు జరగలేదు. బిలం అడుగు 500 మీటర్లకు పైగా కుంగింది, నీటిమట్టం కన్నా కిందికి పోయింది. అయినా నీరు వెంటనే రాలేదు. గొట్టం చుట్టూ రాయి ముందే బాగా కాగి ఉంటే నీరు లోపలికి చేరడానికి నెలలో, ఏళ్లో పడుతుందని తర్వాత లెక్కలు కట్టి చెప్పారు.

తీగ పక్షం: అదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. మట్టం తెలిసింది. ప్రవాహం తెలియలేదు. బోరు చెప్పింది నీరు ఎంత ఎత్తున ఉందో. అడగాల్సిన ప్రశ్న, ఆ నీరు ఎంత వేగంగా గొట్టం వైపు కదలగలదు అని. బోరు దగ్గర దానికి జవాబు లేదు. ఎస్పీ పుట్టేది నీరు కదలడం వల్ల, అది ఉండడం వల్ల కాదు. నిలిచిన నీరు సున్నా.

బోరు పక్షం: బాగుంది. మరి 2018లో తీగ ఆ జవాబు చెప్పిందా?

తీగ పక్షం: ఆ హెచ్చరిక వెనక తీగ లేదు, కాబట్టి చెప్పిందని నేననను. చెప్పగలిగేదని అంటున్నాను. ఆ రెండిటికీ తేడా ఉందని నాకూ తెలుసు.

బోరు పక్షం: చెప్పగలిగేదా? అనుమానమే. ఒక ఏడాది తర్వాత, 2019 జులై చివర్లో, హెలికాప్టర్ నడిపే ఒకాయన బిలం అడుగున పచ్చటి నీటి మడుగు చూశాడు. ఆగస్టు మొదట్లో సర్వే సంస్థ అది నీరేనని తేల్చింది. బిలం అడుగు బోరు చెప్పిన మట్టం కన్నా కిందికి పోయింది కాబట్టి ఊట పట్టింది. మడుగు సరస్సయింది, 2020 డిసెంబరు నాటికి సుమారు 50 మీటర్ల లోతు. ఇప్పుడు ఆ నీటి సంగతి వినండి. 2019 అక్టోబరులో డ్రోనుతో నమూనా తీశారు. పీహెచ్ 4.2. సల్ఫేటు బాగా ఎక్కువ. అంటే ఆమ్లపు నీరు, లవణాలు నిండిన నీరు. మీరే చెప్పారు, లవణం పెరిగితే సిగ్నలు చచ్చిపోతుందని. ఆమ్లత్వం పెరిగితే రాతి ముఖం మీది ఆవేశం తగ్గుతుంది, ఒక్కోసారి గుర్తే మారుతుంది. మీ తీగకు అతి ముఖ్యమైన చోటే, శిలాద్రవానికి దగ్గర్లోనే, మీ సూత్రం కాళ్లూ చేతులూ కట్టేసుకుంది. ఇక ఆవిరి సంగతి: ఆవిరిలో ఈడ్చుకుపోయే అయాన్లు లేవు. గొట్టం చుట్టూ మరిగే మండలంలో మీరు కొలిచేది ఏమిటి?

తీగ పక్షం: ఈ దెబ్బ బలంగానే తగిలింది. గొట్టానికి దగ్గర్లో ఆమ్లపు నీటిలో ప్రవాహం అంకెల్లో చెప్పమంటే నేనూ వెనకాడతాను. సరస్సు నీరు సరస్సుదే, దాని చుట్టూ రాతిలోంచి వస్తున్న నీరంతా అంత ఆమ్లంగా ఉందని కాదు. వాయువులు కలిసి, మరిగి అలా తయారయింది. అయినా కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ తీగ మాట బలహీనపడుతుందన్నది నిజం. దూరంగా, వాన నీరు దిగే వాలుల మీద మాత్రం నా మాట వెనక్కి తీసుకోను. ఇంతకీ ఆ సరస్సును చివరికి తీర్చేసింది మనిద్దరి వాదనా కాదు. 2020 డిసెంబరు 20 రాత్రి లావా వచ్చి దాన్ని ఆవిరి చేసేసింది.

బోరు పక్షం: వాలుల మీదైనా కొలత ఎలా ఉంటుందో ఈ చదివేవారికి చెప్పారా? కుండ అన్నారు. ఆ కుండ ఏమిటో నేను చెప్తాను. అడుగున సచ్ఛిద్రమైన పింగాణీ గాని, చెక్క గాని ఉన్న చిన్న గొట్టం. లోపల నీలిరంగు మైలుతుత్తం ద్రావణం, అడుగున కరగని పలుకులు మిగిలేంత చిక్కగా. అందులో రాగి కడ్డీ. అడుగు గుండా ద్రావణం సన్నగా చెమరుస్తూ నేలను తాకాలి. మట్టి ఉన్నచోట చిన్న గుంత తీసి తడి నేలలో కూర్చోబెట్టొచ్చు. కొత్త లావా మీద మట్టే లేదు. నున్నగా నల్లగా పరుచుకున్న రాయి, పైన గాజుపొర పలుచగా, కాలు పెడితే కరకరలాడుతుంది. పగులు వెతికి, బెంటొనైటు బురద కూరి, దానిలో కుండ నొక్కాలి. ఎండలో ఆ బురద మీరు చదివేలోపే ఆరడం మొదలవుతుంది. నేలకూ కుండకూ మధ్య నిరోధం ఎంత పెరుగుతుందంటే మామూలు మీటరు అబద్ధం చెప్తుంది. కుండ ఒక డిగ్రీ వేడెక్కితే మిల్లీవోల్టుకు దగ్గరగా తేడా వస్తుంది. నీడలో ఒక కుండ, ఎండలో ఒక కుండ పెట్టారంటే అప్పుడే పదిహేను మిల్లీవోల్టుల దొంగ ప్రవాహం పుట్టింది. పోనీ, నేల పొడిగా ఉందని చెంబుడు నీళ్లు పోస్తే, ఆ పోసిన నీళ్లు ఇంకుతూ సొంత వోల్టేజీ పుట్టిస్తాయి. సర్వే చేసినవాడే తన సిగ్నలు తయారుచేసుకున్నట్టు.

తీగ పక్షం: ఇంత బాగా చెప్పారంటే మీరూ ఎప్పుడో తీగ మోసే ఉంటారు. ఇవన్నీ నిజం, వీటన్నిటికీ అలవాటైన జాగ్రత్తలూ ఉన్నాయి. పొద్దున బయల్దేరేముందు, మధ్యాహ్నం, సాయంత్రం రెండు కుండల్నీ ఒకే బురదలో పక్కపక్కన పెట్టి తేడా చూస్తాం, రోజంతా అది ఎంత జారిందో పంచి తీసేస్తాం. కుండల్ని నీడలో ఉంచుతాం. నీళ్లు పోస్తే పోసిన తర్వాత ఆగి చదువుతాం, లేదా పోయడమే మానేసి చుట్టుపక్కల మూడు నాలుగు గుంతల్లో చదివి సగటు తీస్తాం. చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం. మొత్తం సున్నాకు రావాలి. రాకపోతే ఎంత తప్పిందో అంత తప్పు మా మీదే. వెయ్యి మిల్లీవోల్టుల తేడా వెతుకుతున్నప్పుడు పదిహేను మిల్లీవోల్టుల మోసం పెద్ద లెక్కలోకి రాదు.

బోరు పక్షం: వెయ్యి దొరికే చోట రాదు. హవాయి వదిలి మన వైపు రండి. మనకూ అగ్నిపర్వత శిలలున్నాయి. దక్కన్ లావా, ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటిది. ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. దాని అంచు మన వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు దాకా వచ్చింది. గోదావరి దగ్గర కాటేరులో, అవతలి ఒడ్డున పంగిడి దగ్గర ఇంకో ముక్క ఉంది. ఇక్కడ లావా పాతబడి బంకమట్టయింది. బంకమట్టి తన ముఖం మీద నుంచే కరెంటును జార్చేస్తుంది, వోల్టేజీ నిలవనివ్వదు. నీళ్లు హవాయి వాన నీళ్లు కావు, ఎన్నో ఏళ్లు రాతిలో నానిన నీళ్లు, లవణం పది రెట్లు ఉండొచ్చు. మీటరుకు ఒక మిల్లీవోల్టో, అంతకన్నా తక్కువో వస్తుంది. నీటిమట్టం పదిహేను మీటర్లనుకోండి. మొత్తం పదో పదిహేనో మిల్లీవోల్టులు. ఇందాక మీరు లెక్కలోకి రాదన్న మోసం అంత! దానికి తోడు ఊరు చుట్టూ ఫెయిలైన బోర్లు. పాత ఇనప కేసింగులున్నచోట ప్రతి గొట్టం తుప్పు పడుతూ ఒక చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. తీగ ముందు కనిపెట్టేది ఎండిన బోరునే.

తీగ పక్షం: కేసింగు గుర్తు చిన్న చోటులో గుచ్చినట్టుంటుంది, నీటి గుర్తు విశాలంగా ఉంటుంది. వేరుచేయొచ్చు. మిగతాది ఒప్పుకుంటున్నాను, మన నల్లరాయి మీద ఒక్కసారి కొలిచి పాయింట్ పెట్టమంటే నేనే వద్దంటాను. అలా పెట్టేవాడికీ కొబ్బరికాయ పట్టేవాడికీ తేడా వోల్టుమీటరు ఒక్కటే. కానీ రెండుసార్లు కొలిస్తే? అవే గుంతలు, అవే కుండలు. మే నెలలో ఒకసారి, వానాకాలం ఊపు మీదున్నప్పుడు ఒకసారి. కేసింగు మారదు, బంకమట్టి మారదు, ఖనిజం మారదు. రెండు పటాల్నీ తీసివేస్తే మిగిలేది ఎక్కువగా ఆ మధ్యలో మారిన నీరే. దక్కన్ రాతిలో అసలు కష్టం ఏమిటో మీకు తెలుసు. లావా పొర నడిమి భాగం గట్టి బండ, నీరు పట్టదు. నీళ్లుండేవి పైన బుడగల గుల్లలో, పొరకూ పొరకూ మధ్య, కీళ్లు పగిలినచోట. కరెంటు పంపి నిరోధం కొలిచే మీ మామూలు పద్ధతికి తడి బంకమట్టీ నీళ్లున్న పగులూ రెండూ ఒకేలా, తక్కువ నిరోధంగా కనిపిస్తాయి. ఎన్ని బోర్లు బంకమట్టిలో దిగి ఫెయిలయ్యాయో! బంకమట్టిలో నీరు కదలదు. పగులులో కదులుతుంది. ఆ తేడా పట్టగలిగేది ఎస్పీయే.

బోరు పక్షం: పట్టగలిగితే. వానాకాలంలో పై మట్టి కూడా తడుస్తుంది, ఉప్పులు కిందికి కొట్టుకుపోతాయి, పత్తి చేను వేళ్లు దిగుతాయి. మీ తీసివేతలో ఇవన్నీ మిగులుతాయి. అయినా రెండుసార్లు కొలవడమన్నది ఇంతవరకూ మీరు చెప్పినవాటిలో నాకు నచ్చిన మొదటి మాట. దాన్ని పరీక్ష పెడతారా?

తీగ పక్షం: వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మీద పెడతాను. పైన ఎర్రటి లాటరైటు టోపీ, కింద లావా పొరలు. వాన పీఠభూమి మీద ఇంకి అంచుల్లో ఊటలుగా దిగుతుంది. మూసీ పుట్టేది అక్కడే. పైన నెగటివ్, ఊటల దగ్గర పాజిటివ్, వాన పడ్డాక రెండిటి మధ్య తేడా పెరగాలి. ఇది నా పందెం. కాగితం మీద రాసి ముందే ఇస్తాను.

బోరు పక్షం: ఊట దగ్గర నీరుందని చెప్పడానికి కుండ దేనికి? కళ్లుంటే చాలు. మీ పటంలో ఎక్కడ నీటి కదలిక లేదని తేలుతుందో అక్కడ బోరు వేయనివ్వండి. అక్కడ బంకమట్టో గట్టి బండో తగిలితే మీ మాటకు విలువ. రెండించుల నీళ్లు పడితే ఇక తీగ చుట్టేయండి.

తీగ పక్షం: నీళ్లు పడవని చెప్పినచోట బోరుకు డబ్బులెవరిస్తారు? ఒక్క రైతు కూడా ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. ప్రభుత్వ భూమిలో పరిశీలన బావిగా వేయించండి, ఒప్పుకుంటాను. కానీ నీళ్లు తగలడం ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. నిలిచిన నీళ్లు తగిలినా నా పటం తప్పయినట్టు కాదు. ఆ బావిలో మట్టం రెండు వానాకాలాల పాటు కొలవాలి. వానకు అది కదలకపోతే గెలుపు నాది.

బోరు పక్షం: నీళ్లు తగిలినా గెలుపు మీదే, తగలకపోయినా మీదేనా? ఏ ఫలితం వస్తే ఓడిపోయానంటారో అది ముందు రాయండి.

తీగ పక్షం: రాస్తాను. మట్టం మొదటి పెద్ద వానకే లేచి, పంపు పెట్టి తోడితే గంటలో మళ్లీ నిండితే ఓడిపోయినట్టే. అలాగే మీరూ రాయండి: ఏది చూస్తే తీగను నమ్ముతారో.

బోరు పక్షం: మూడు పాయింట్లు, మూడూ మీరు ముందే చెప్పినట్టు, వాటిలో రెండు ఫెయిలవుతాయని చెప్పినవి. అప్పుడు నమ్ముతాను. అయితే రెండు వానాకాలాలు నేనూ మీరూ ఆగగలం. ఈ ఎండాకాలమే పొలం ఎండిపోతున్నవాడు ఎలా ఆగుతాడో, అతనికి ఇవాళ ఏ పాయింట్ చెప్తారో అది కూడా ఆ కాగితం మీదే రాయండి.